తప్పిన చెయ్యి

పెద్ద మోతాదు ఇస్తున్న గుంపులో మూడో ఎలుక కూడా చచ్చిపోయిన రోజు ఢిల్లేశ్వరరావు మొదట చేసిన పని గది తలుపుకు లోపల గడియ పెట్టుకోవడం. తరువాత ఆ ఎలుకను బల్ల మీద పడుకోబెట్టి కోశాడు.

పొట్ట నిండా పసుపు రంగు. పొద్దున అతను తాగించిన మందు అది. నీళ్ళలో కలిపితే అచ్చం పసుపు నీళ్ళలా ఉంటుంది. తరువాత ఊపిరితిత్తులు విప్పి చూశాడు. దీపం కిందకు తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు. గులాబీ రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా పసుపు చుక్క లేదు.

ఒక్క చుక్క ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఇదేం కోరికో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

హైదరాబాదులో అదొక ప్రభుత్వ ఔషధ పరిశోధనశాల. మందు మనిషి నోటి దాకా వెళ్ళే ముందు ఎలుక నోట్లో పోసి చూసే చోటు. ఢిల్లేశ్వరరావు అక్కడ పోస్ట్‌డాక్టరల్ ఫెలో. పీహెచ్‌డీ అయిపోయి, ఉద్యోగం ఇంకా రాక, మధ్యలో నిలబడి ఉన్నవాణ్ణి అలా పిలుస్తారు. ఇల్లరికపుటల్లుడు అనుకోండి. చాకిరీ అంతా అతనిదే, ఇల్లు మాత్రం అతనిది కాదు. అక్కడ ఎలుకల గదిలో ఏసీ ఒక్క క్షణం ఆగితే డైరెక్టరు దాకా ఫోన్లు మోగుతాయి. ఫెలోలు కూర్చునే గదిలో ఫ్యాను ఉగాది నుంచి తిరగడం లేదు, అడిగిన నాథుడు లేడు.

ఫెలోషిప్ ఏడాదికోసారి పొడిగించాలి. ఈసారి పొడిగింపు కమిటీ చేతిలో ఉంది. కమిటీ చూసేది మందునే. మందు నెగ్గితే మనుషుల మీద పరీక్షకు వెళ్తుంది, అతనికి పక్కా ఉద్యోగం వస్తుంది. ఓడితే నెలాఖరుకు మెడలోని కార్డు గేటు దగ్గర ఇచ్చేసి బయటికి నడవాలి. ఇంకో చోట దరఖాస్తు పెట్టుకునే వయసు కూడా దాటిపోయింది.

అంతే అయితే ఈ కథ చెప్పక్కర్లేదు. ఉద్యోగాలు రానివాళ్ళు ఈ దేశంలో వీధికి పదిమంది ఉన్నారు.

ఆ మందు కిడ్నీల మందు. ఢిల్లేశ్వరరావుది ఉద్దానం. అక్కడ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఖాయంగా చెప్పగలిగినవాళ్ళు లేరు, పోవడం మాత్రం ఖాయంగా పోతున్నాయి. అతని తండ్రి అలాగే పోయాడు. ఇప్పుడు అన్న లోకనాథం వంతు. లోకనాథం కొబ్బరి దింపేవాడు. అతను చెట్టెక్కుతుంటే కింద నిలబడ్డవాళ్ళకు మెడ నొప్పి పుట్టేది. ఇప్పుడు అరుగెక్కడానికే ఆయాసపడుతున్నాడు. వారానికి రెండుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కు వెళ్ళి వస్తాడు. వచ్చి పడుకుంటాడు. లేచాక తమ్ముడికి ఫోన్ చేస్తాడు.

"ఏటిరా, ఆ మందెంతవరకు వొచ్చింది?"

"వొస్తాదన్నా."

"ఎలకలు ఎలగున్నాయి?"

"బాగున్నాయి."

"అయి బాగుంటే మనం బాగున్నట్టే మరి," అని నవ్వేవాడు లోకనాథం. అన్నదమ్ములిద్దరూ ఎలుకల క్షేమం ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవడం ఆ వంశంలో అదే మొదలు.

నిజానికి మధ్య మోతాదు తాగిన ఎలుకలు బాగానే ఉన్నాయి. వాటి కిడ్నీలను మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు ఢిల్లేశ్వరరావుకు కళ్ళు చెమర్చాయి. పాడవ్వాల్సినవి పాడవకుండా నిలబడ్డాయి. చిక్కంతా పెద్ద మోతాదుతోనే. అది తాగిన ఎలుక కొన్నాళ్ళు బాగుంటుంది. ఒకరోజు మందు తాగిన గంటకు వణుకుతుంది, పక్కకు ఒరుగుతుంది, గుండె ఆగిపోతుంది.

పెద్ద మోతాదు ఎవరికీ ఇవ్వకుండా ఉంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఒంట్లోంచి ఈ మందును బయటికి పంపేది కిడ్నీలే. కిడ్నీలు పోయినవాడి ఒంట్లోంచి మందు బయటికి పోదు, రోజురోజుకీ పేరుకుంటుంది. లోకనాథం లాంటివాడికి చిన్న మోతాదే నాలుగు వారాలకు పెద్ద మోతాదు అవుతుంది. ఇది ఢిల్లేశ్వరరావుకు తెలియని సంగతి కాదు. పీహెచ్‌డీ అతనికి దీనిమీదే ఇచ్చారు.

ఇప్పుడు పసుపు చుక్క సంగతి.

ఎలుక మందు తాగదు, తాగించాలి. కొనకు ముత్యమంత గుండు ఉన్న వంపు సూదిని నోట్లోంచి అన్నవాహికలోకి దించి, మందును నేరుగా పొట్టలో పోస్తారు. చెయ్యి కొంచెం తప్పితే సూది గాలిగొట్టంలోకి పోతుంది. మందు ఊపిరితిత్తుల్లో నిండి ఎలుక చస్తుంది. అలా చచ్చినదాన్ని మందు ఖాతాలో వెయ్యరు. పోసినవాడి చెయ్యి తప్పిందని చెప్పి, దాన్ని లెక్కలోంచి తీసేసి, దాని స్థానంలో ఇంకో ఎలుకను పెట్టుకోవచ్చు. నియమం అలాగే ఉంది, న్యాయమైన నియమమే. కానీ అందులో ఒక మనిషి దూరేంత కంత కూడా ఉంది.

ఆ కంతలో ఎవరూ దూరకుండా, ఢిల్లేశ్వరరావు పై అధికారి ఖుర్షీద్ మేడమ్ తన లాబ్‌లో ఒక ఆచారం పెట్టింది. మందు పోసిన చెయ్యి ఒకరిది, చావుకు కారణం చెప్పే నోరు ఇంకొకరిది. తన చెయ్యి గురించి తానే సాక్ష్యం చెప్పుకోకూడదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఆచారం తప్పలేదు.

డాక్టర్ ఖుర్షీద్ కర్నూలు మనిషి. సన్నగా, పొట్టిగా ఉంటుంది, గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. ఢిల్లేశ్వరరావుకు ఎలుకను పట్టుకోవడం నేర్పింది ఆవిడే. నెలల తరబడి అతని చేత ఉత్త నీళ్ళే పోయించింది. మందు ఎప్పుడిస్తారని అడిగితే, "ఎలుక నిన్ను చూసి బెదరకుండా ఉన్నరోజు," అనేది. ఆ రోజు వచ్చింది. తరువాత అతని చెయ్యి ఎంత మెత్తబడిందంటే, పక్క లాబులవాళ్ళు తమ కొత్తవాళ్ళను అతని దగ్గరికి నేర్చుకోవడానికి పంపేవాళ్ళు. ఫెలోలు అతన్ని ఢిల్లీ అని పిలిచేవాళ్ళు. "ఢిల్లీ పోస్తే ఎలుక అడిగి మరీ తాగుతుంది," అని ఒక నానుడి కూడా పుట్టింది. ఆ మాట వింటే అతనికి ఛాతీ ఉబ్బేది. దాచుకునేవాడు కాదు కూడా. అతని చేతిలో ఒక్క ఎలుక కూడా చెయ్యి తప్పి పోలేదు.

ఆ మూడు ఎలుకలు పోయింది మేడమ్ కంటి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నప్పుడు. మందు పోసిందీ అతనే, కోసిందీ అతనే. శవాలను కాల్చే కొలిమికి పంపిందీ అతనే.

ఆవిడ నల్లకళ్ళద్దాలతో తిరిగి వచ్చిన పొద్దున అతను ఎదురెళ్ళి నిలబడ్డాడు. ఇంటి దగ్గర అనుకొని వచ్చిన మాటే చెప్పాడు.

"మేడమ్, పెద్ద మోతాదు గుంపులో మూడు పోయినాయి."

"ఏమైంది?"

"నా చెయ్యి తప్పింది."

ఆవిడ సంచి కింద పెట్టింది. "మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

"చెయ్యి ఇట్ల ఇయ్యి."

ఇచ్చాడు. జ్వరం చూసినట్టు అరచెయ్యి పట్టుకుని, బొటనవేలు వెనకా ముందూ నొక్కి చూసింది. ఢిల్లేశ్వరరావు తన చేతిని తనే చూసుకున్నాడు. అంత అబద్ధం చెప్పాక కూడా అది కొంచెమైనా వణకడం లేదు. అతనికి భయం వేసింది.

"అట్లనా," అంది ఆవిడ. "అయితే దీనికి కొన్నాళ్ళు సెలవిద్దాం నాయనా. ఆ మూడింటి బదులు వేరే ఎలుకలు పెట్టు. ఆ గుంపుకు మందు నేను పోస్తా."

"మీరా? తల వంచొద్దన్నారు కదా డాక్టరు."

"వంచను. నువ్వు నీళ్ళు పొయ్యి."

నీళ్ళ గుంపు అంటే మందు లేకుండా ఉత్త నీళ్ళు తాగే ఎలుకలు. మందు తాగినవాటితో పోల్చి చూడటానికి ఉంచుతారు. కొత్తగా చేరినవాళ్ళకు అప్పగించే పని అది. మరునాటి నుంచి ఢిల్లేశ్వరరావు మూల బల్ల దగ్గర, తను నేర్పినవాళ్ళ పక్కనే కూర్చుని నీళ్ళు పోశాడు.

"ఏం ఢిల్లీ గారూ, రాజధాని మారిందా?" అని అడిగాడు ఒకడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వకపోతే ఇంకో ప్రశ్న వేస్తారని.

మేడమ్ తిడితే బాగుండేది. తిట్టేవాళ్ళతో వాదించవచ్చు, అలగవచ్చు. చెప్పింది చెప్పినట్టు నమ్మేవాళ్ళతో ఎవరైనా ఏం చెయ్యగలరు? ఆవిడ ఒక్క ప్రశ్న కూడా మళ్ళీ వెయ్యలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, నల్లద్దాలు తియ్యకుండానే, పెద్ద మోతాదు గుంపు ముందు వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునేది. ఎలుకను పొట్టకు దగ్గరగా పట్టుకుని, వేలితో దాని గొంతు మీద రాసి, అది గుటక వేసేదాకా ఆగేది. గుటకతో పాటే సూది దానంతట అదే దిగేది. చూపుతో పని లేదు. ఎలుక కాలు కూడా విదిలించేది కాదు.

ఢిల్లేశ్వరరావు మూల నుంచి చూస్తూ ఉండేవాడు. ఆ చేతి నుంచే తన చెయ్యి వచ్చింది.

రోజులు గడిచాయి. కొత్త ఎలుకలు చావలేదు.

అబద్ధంతో ఒక చిక్కు ఉంది. దాన్ని నమ్మడానికి అందరికంటే ముందు తయారయ్యేవాడు చెప్పినవాడే. నిజంగానే నా చెయ్యి తప్పిందేమో అనుకోవడం మొదలుపెట్టాడు ఢిల్లేశ్వరరావు. ఊపిరితిత్తులు సరిగ్గా చూశానా? ఆ రోజు దీపం వెలుగు తక్కువగా ఉందేమో? అంతకుముందు రాత్రి అన్నకు జ్వరమని నిద్ర లేదు కదా, నిద్ర లేని చెయ్యి తప్పదా? ఆ చేతిని చూసుకుని గర్వపడిన మనిషి ఇప్పుడు అది తప్పి ఉండాలని మొక్కుకున్నాడు. మేడమ్ ఒక్కో ఎలుకనూ బతికి ఉండగా పంజరంలో పెడుతుంటే అతని లోపల ఒక్కో దీపం వెలిగేది.

ఆ వారం అన్న ఫోన్ చేసినప్పుడు ఢిల్లేశ్వరరావు గొంతులో హుషారు వచ్చింది.

"బాగుందన్నా. కమిటీ ఒప్పుకుంటే ఆర్నెల్లలో మందట్టుకుని మనూరికే వొస్తారు."

"ఒరే, నాను అందరికీ సెప్పెసినాను," అన్నాడు లోకనాథం. "మా తమ్ముడి మందు, ముందు మనోళ్ళకే అని. పక్కూరోళ్ళు గొడవాడతన్నారు, మమ్మల్ని కూడా సేర్చమని. నీలకంఠం పెళ్ళాం నిన్న వొచ్చి ఏడ్సింది, వాడికింక టైమ్ నేదంట. వాణ్ణి ముందెట్టు, నన్ను ఎనకెట్టినా పర్నేదు."

"అలాగేలే అన్నా."

"సదువుకున్నోడివి, నీ రునం తీర్సుకోలేంరా."

ఆ మాటకు ఏమనాలో చదువులో చెప్పరు.

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం సమావేశం. పొద్దున మేడమ్ ఎప్పటిలాగే వచ్చింది. ఎప్పటిలాగే మందు పోసింది. ఢిల్లేశ్వరరావు ఇస్త్రీ చొక్కా మీద తెల్లకోటు వేసుకుని నీళ్ళ గుంపు ముందు కూర్చున్నాడు. గంట గడిచింది. పెద్ద మోతాదు పంజరాల వైపు చిన్న చప్పుడు వినిపించింది, గోళ్ళతో రేకును గీకినట్టు. అతను తల తిప్పలేదు. ఆ చప్పుడు అతనికి తెలుసు. అది ఆగిపోయేదాకా ముందున్న ఎలుకను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మేడమ్ పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. అందులో ఎలుక ఉంది, పక్కన కత్తి ఉంది. మిగిలినవాళ్ళను టీకి వెళ్ళి రమ్మంది. గదిలో ఇద్దరే మిగిలారు.

"పోసింది నేను," అంది. "కారణం నువ్వు చెప్పాల."

అతను చేతికి తొడుగు వేసుకున్నాడు. వదలమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. మందు చంపిందంటే ముందు పోయిన మూడింటి సంగతీ బయటపడుతుంది. మందు పోతుంది, తను పోతాడు, నీలకంఠం, లోకనాథం పెట్టుకున్న ఆశ పోతుంది. చెయ్యి తప్పిందంటే ఇప్పుడు ఆ చెయ్యి తనది కాదు.

కోశాడు. పొట్టలో పసుపు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. బతికున్న ఎలుక ఒంట్లో కూడా అంత చక్కటి ఊపిరితిత్తులు ఉండవు.

"చూసినావా?"

"చూశాను."

"నాకు దగ్గరివి ఇంకా సరిగ్గా కనబడట్లేదు. నువ్వు ఏం చెప్తే అదే."

ఢిల్లేశ్వరరావు ఆవిడ ముఖం వైపు చూశాడు. నల్లద్దాల్లో తన తెల్లకోటే కనిపించింది. అన్న గొంతు గుర్తొచ్చింది. వాణ్ణి ముందెట్టు, నన్ను ఎనకెట్టినా పర్నేదు.

"మీ చెయ్యి తప్పింది మేడమ్," అన్నాడు.

అనేశాక తల ఎత్తలేకపోయాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ముప్పై ఏళ్ళ చెయ్యి కదా, ఒక్క మాటైనా అంటుందనుకున్నాడు.

"నాది కూడానా," అంది ఆవిడ.

తొడుగులు తీసేసింది. బల్ల మీద ఉన్న తన సూదిని తీసుకుని కొళాయి కింద కడిగింది. చదువుకునే రోజుల నుంచి ఆవిడ దగ్గరున్న సూది అది. వాడి వాడి దాని మెరుపు ఎప్పుడో పోయింది. పైట కొంగుతో తడి తుడిచింది. గోడ పక్కన, పనికిరాని సూదులు పారేసే డబ్బా దగ్గరికి వెళ్ళి, మూత ఎత్తి అందులో వేసింది. ఆ డబ్బాలో పడినదాన్ని తియ్యడానికి వీల్లేదు.

"మేడమ్!" అన్నాడు ఢిల్లేశ్వరరావు. కుర్చీలోంచి లేచిపోయాడు.

"చెయ్యి తప్పినాక సూదెందుకు," అంది ఆవిడ మామూలుగా. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. "నీది పోయింది, నాది పోయింది. మీ ఊళ్ళో ఈ మందు ఎవరు పోస్తారు నాయనా?"

అతనికి మొదట ప్రశ్న అర్థం కాలేదు.

"ఎవరూ పొయ్యరు మేడమ్. మాత్ర కదా. ఎవరి చేత్తో వాళ్ళే వేసుకుంటారు."

"అప్పుడు ఎవరి చెయ్యి తప్పిందంటావు?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఢిల్లేశ్వరరావు పళ్ళెం ముందు చాలాసేపు నిలబడ్డాడు. టీకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, అతని ముఖం చూసి, ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. అతను తొడుగులు తీసి వరండాలోకి వచ్చాడు. ఎప్పుడూ అన్నే ఫోన్ చేస్తాడు. ఈసారి తనే చేశాడు.

"ఏటిరా, నువ్వే సేసినావు!" లోకనాథం గొంతు సంబరంగా ఉంది. "అయిపోయిందేటి మీటింగు? ఒప్పుకున్నారా?"

"ఇంకా అవనేదన్నా. ఆ మందు రాదు."

"అదేటి? మొన్న వొస్తాదన్నావు?"

"అబద్దం సెప్పినాను."

అవతల ఎవరో కొబ్బరి పీచు కొడుతున్న చప్పుడు. లోకనాథం వాళ్ళను ఆగమన్నాడు.

"ఎలకలు సచ్చిపోతన్నాయన్నా," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "గుండాగిపోతంది. నీలాటోళ్ళకి మరీ తొరగా ఆగిపోద్ది. ఎవలు తెచ్చిచ్చినా ఆ మందు ముట్టుకోకు. నీలకంఠానికీ సెప్పు."

ఫోన్ తెగిందేమోనని చూసుకున్నాడు. తెగలేదు.

"నీలకంఠం పెళ్ళానికి నానేటని సెప్పాల్రా?"

"నేనే సెప్తానన్నా. నేనే ఫోన్ సేస్తాను."

"వొద్దులే. నాను మొదలెట్టినాను, నానే సెప్తాను." లోకనాథం గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "ఇంకోటేదైనా ఉందేటిరా? ఇంకో మందు?"

"నేదన్నా."

"మరి నీ ఉజ్జోగం?"

ఢిల్లేశ్వరరావు గోడకు ఆనుకున్నాడు.

"అదీ నేదు."

"సర్లే," అన్నాడు అన్న. "అన్నం తిన్నావా?"

"తింటాను."

"తిను మరి. నాకు బస్సు టైమవుతంది. ఈరోజు డయాలసిస్సు."

ఫోన్ పెట్టేశాక ఢిల్లేశ్వరరావు ముఖం కడుక్కున్నాడు. కమిటీ వాళ్ళ కార్లు వచ్చి గేటు దగ్గర ఆగుతున్నాయి. డైరెక్టరు మెట్లు దిగి ఎదురెళ్తున్నాడు.

మేడమ్ గది తలుపు తీసే ఉంది. ఆవిడ నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, కంట్లో చుక్కలు వేసుకుని, తల వెనక్కి వాల్చి కూర్చుంది. అడుగుల చప్పుడు విని కళ్ళు తెరవకుండానే, "చెప్పు," అంది.

"చెయ్యి తప్పలేదు మేడమ్."

ఎవరిదని ఆవిడ అడగలేదు. అద్దాలు పెట్టుకుని లేచింది. తలుపు దగ్గర ఒక పక్కకు జరిగి, సమావేశం గదికి అతన్ని ముందు నడవనిచ్చింది.